పీహెచ్ మీటర్‌తో బలహీన ఆమ్లం విఘటన స్థిరాంకం కనుక్కోవడం: బీకర్ నుంచి గ్రాఫ్ దాకా

ఎసిటిక్ ఆమ్లం పీకేఏ (ఆమ్లం ఎంత బలహీనమో చెప్పే అంకె) ఎంత అని అడిగితే ఇంటర్ పిల్లలు కూడా తడుముకోకుండా 4.76 అంటారు. అదే ఆమ్లాన్ని 0.1 మోలార్ గాఢతలో తీసుకుని, అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్‌తో సరిగ్గా సగం తటస్థీకరించి, జాగ్రత్తగా కాలిబ్రేట్ చేసిన పీహెచ్ మీటర్‌తో చూస్తే మాత్రం 4.76 రాదు. 4.68 దగ్గర నిలబడుతుంది. అందులో మీటర్ తప్పూ లేదు, చేసినవాళ్ల తప్పూ లేదు. అయినా మన తిరుపతి, చిత్తూరు వైపు డిగ్రీ, పీజీ రికార్డుల్లో ఈ ప్రయోగం పేజీ తీస్తే ఎక్కువగా కనిపించేది నీటుగా రాసిన 4.76. ముందు జవాబు రాసుకుని తర్వాత రీడింగులు కట్టిన రికార్డులవి.

ఆ 0.08 తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ప్రయోగం సగం అర్థమైనట్టే. కాబట్టి ఇక్కడ రీడింగులు తీసుకోవడంతో ఆపకుండా, వాటి నుంచి నమ్మదగిన విఘటన స్థిరాంకం (కేఏ) రాబట్టి, పుస్తకం విలువతో నిజాయితీగా పోల్చడం దాకా వెళ్దాం. డిగ్రీ, ఎమ్మెస్సీ విద్యార్థులకూ, చిత్తూరు చుట్టుపక్కల మామిడి పల్ప్ ఫ్యాక్టరీల ల్యాబుల్లో రోజూ పీహెచ్ చూసేవాళ్లకూ ఇది పనికొస్తుంది. అన్నట్టు పీహెచ్ మీటర్ పుట్టిందే పళ్ల రసం కోసం. 1934లో కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ దాన్ని తయారుచేసింది, నిమ్మరసం పులుపు కొలవలేక ఇబ్బంది పడుతున్న స్నేహితుడి కోసమే.

లెక్క వెనక ఉన్న సంగతి

బలహీన ఆమ్లం నీటిలో కొంతే విడిపోతుంది. విడిపోయిన భాగం హైడ్రోజన్ అయాన్, ఋణ అయాన్. మిగిలింది విడిపోని ఆమ్లం. విఘటన స్థిరాంకం, అంటే కేఏ, ఇలా ఉంటుంది:

కేఏ = హెచ్ × ఋణ అయాన్ గాఢత ÷ విడిపోని ఆమ్లం గాఢత

ఇక్కడ హెచ్ అంటే 10^(−పీహెచ్). పీకేఏ అంటే −లాగ్ కేఏ. పీహెచ్ మీటర్ మనకు నేరుగా ఇచ్చేది హెచ్ ఒక్కటే. మిగతా రెండూ ఎలా తెలుసుకుంటాం అన్నదాన్ని బట్టి పద్ధతులు మారతాయి.

అన్నిటికంటే తేలికైనది, గాఢత తెలిసిన ఆమ్ల ద్రావణంలో ఒకే ఒక్క పీహెచ్ రీడింగ్ తీసుకోవడం. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో 2.88 వచ్చిందనుకోండి. హెచ్ = 1.32 × 10⁻³. దాని వర్గాన్ని (0.1 − 0.00132)తో భాగిస్తే 1.77 × 10⁻⁵ వస్తుంది. చూడ్డానికి బాగానే ఉంది. కానీ హెచ్ ఇక్కడ వర్గంలో ఉంది. మీటర్ 0.05 తప్పితే కేఏ 26 శాతం తప్పుతుంది. పైగా ఆమ్లం గాఢత కచ్చితంగా తెలియాలి, అందులో ఇంకే ఆమ్లమూ కలిసి ఉండకూడదు. తర్వాత వచ్చిన విలువను సరిచూసుకోవడానికి తప్ప దీన్ని నేను వాడను.

రెండోది సగం తటస్థీకరణ పద్ధతి. ఆమ్లంలో సగం లవణంగా మారినప్పుడు పై సమీకరణంలో రెండు గాఢతలూ సమానమై కొట్టేసుకుంటాయి, పీహెచ్ = పీకేఏ అవుతుంది. పరీక్షలో రాయడానికి బాగుంటుంది. చిక్కేమిటంటే, సగం ఎక్కడో తెలియాలంటే ముందు తుల్య బిందువు (ఆమ్లమంతా తటస్థమయ్యే చోటు) తెలియాలి. అది ఒక తప్పు. ఆపైన బరువంతా ఒక్క రీడింగ్ మీదే పడుతుంది. అది రెండో తప్పు.

మూడోది గ్రాన్ పద్ధతి. స్వీడన్‌కు చెందిన గున్నార్ గ్రాన్ 1952లో దీన్ని వివరంగా ప్రచురించాడు. టైట్రేషన్ (ఆమ్లంలో క్షారాన్ని కొద్దికొద్దిగా వదులుతూ కొలవడం) మధ్యలోని రీడింగులన్నిటినీ ఒక సరళరేఖ మీద కూర్చోబెడతాం. రేఖ వాలు కేఏ ఇస్తుంది, అది అడ్డ అక్షాన్ని తాకే చోటు తుల్య బిందువు ఇస్తుంది. ఆమ్లం గాఢత తెలియకపోయినా, క్షారం గాఢత తెలియకపోయినా పని జరుగుతుంది. ఇన్ని సుగుణాలున్న పద్ధతిని డిగ్రీ ల్యాబుల్లో ఎందుకు మూలకు నెట్టారో నాకు అర్థం కాదు. ఈ వ్యాసంలో చేయబోయేది ఇదే.

కావలసినవి

రెండు దశాంశాల దాకా చూపించే పీహెచ్ మీటర్, కంబైన్డ్ గ్లాస్ ఎలక్ట్రోడ్, మాగ్నెటిక్ స్టిర్రర్, 100 మి.లీ. బీకర్, 5 మి.లీ. పిపెట్, 10 మి.లీ. మైక్రో బ్యూరెట్, థర్మామీటర్. రసాయనాల్లో గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్, పొటాషియం క్లోరైడ్, 4.00, 6.86 బఫర్లు (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు).

మొదటిసారి చేసేవాళ్లు ఎసిటిక్ ఆమ్లంతోనే మొదలుపెట్టండి. జవాబు ముందే తెలిసిన ఆమ్లంతో చేస్తే మీ ఎలక్ట్రోడ్ ఎంత నమ్మకస్తమో తేలిపోతుంది. ఆ తర్వాత బెంజోయిక్ ఆమ్లం చేయండి, పీకేఏ 4.20. లాక్టిక్ ఆమ్లం జోలికి మాత్రం అప్పుడే పోవద్దు. సీసాలో దొరికే గాఢ లాక్టిక్ ఆమ్లంలో అణువులు ఒకదానితో ఒకటి కలిసి ఎస్టర్లుగా మారి ఉంటాయి, పలుచన చేసినా వెంటనే విడిపోవు.

మీ దగ్గర 50 మి.లీ. బ్యూరెట్ మాత్రమే ఉంటే దాని 0.1 మి.లీ. గీతలతో 5 మి.లీ. టైట్రేషన్ చేయకండి. క్షారాన్ని 0.02 మోలార్‌గా పలుచన చేసి, ఆ ద్రావణంలోనే 0.08 మోలార్ పొటాషియం క్లోరైడ్ ఉండేలా కలుపుకోండి. అప్పుడు తుల్య బిందువు 25 మి.లీ. దగ్గరికి జరుగుతుంది, అయానిక బలం (ద్రావణంలో అయాన్లు ఎంత ఉన్నాయో చెప్పే కొలత) కూడా మారదు.

నీళ్లు, క్షారం

మన బోరు నీళ్లలో బైకార్బొనేట్లు పుష్కలం. అవి ఆమ్లాన్ని కొంత మింగేస్తాయి. క్యాన్ వాటర్ కూడా పనికిరాదు. డిస్టిల్డ్ వాటర్ తీసుకుని పది నిమిషాలు తెర్లనిచ్చి, మూతపెట్టి చల్లార్చండి. గాలి నుంచి కరిగిన కార్బన్ డయాక్సైడ్ పోతుంది.

సోడియం హైడ్రాక్సైడ్ విషయంలో రెండు దారులున్నాయి. కాలేజీల్లో అందరూ చేసేది, 4 గ్రాముల బిళ్లలు లీటరు నీటిలో కరిగించడం. బిళ్లలు తూకం వేస్తుండగానే గాలిలో తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటాయి, అందుకే ఆ తూకాన్ని నమ్మి గాఢత రాయకూడదు. మెరుగైన దారి 50 శాతం ద్రావణం చేయడం. 50 గ్రాముల బిళ్లలను 50 మి.లీ. నీటిలో ప్లాస్టిక్ బీకర్‌లో కొద్దికొద్దిగా వేస్తూ కరిగించండి. విపరీతంగా వేడెక్కుతుంది, కళ్లద్దాలూ గ్లవుజులూ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. అంత గాఢ క్షారంలో సోడియం కార్బొనేట్ కరగదు, కొన్ని రోజుల్లో అడుగున పేరుకుంటుంది. పైన తేరిన ద్రావణం 5.3 మి.లీ. తీసి, మరగబెట్టి చల్లార్చిన నీటితో లీటరు చేస్తే సుమారు 0.1 మోలార్ వస్తుంది. ప్లాస్టిక్ సీసాలో గట్టిగా మూతపెట్టి ఉంచండి.

గ్రాన్ పద్ధతికి క్షారం గాఢత అక్కర్లేదన్నాను. అయినా ఒకసారి పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో స్టాండర్డైజ్ చేయడం, అంటే అసలు గాఢత తేల్చుకోవడం, మంచిది. దాని మోలార్ ద్రవ్యరాశి 204.22. ఓవెన్‌లో ఆరబెట్టి 0.2042 గ్రాములు తూస్తే సరిగ్గా 10 మి.లీ. 0.1 మోలార్ క్షారానికి సరిపోతుంది. తర్వాత గ్రాఫ్ ఇచ్చే తుల్య బిందువును దీనితో సరిచూసుకోవచ్చు.

కార్బన్ డయాక్సైడ్ గురించి పుస్తకాలు బాగా భయపెడతాయి. ఎసిటిక్ ఆమ్లం దగ్గర అంత టెన్షన్ అక్కర్లేదు. మనం వాడే రీడింగులన్నీ పీహెచ్ 4.4 నుంచి 5.6 మధ్యలోవి, కార్బోనిక్ ఆమ్లం మొదటి పీకేఏ 6.35. అంటే మన పరిధిలో అది దాదాపు విడిపోకుండానే ఉండి లెక్కను పెద్దగా చెడగొట్టదు. బోరిక్ ఆమ్లం లాంటివి చేసేటప్పుడు మాత్రం ఇదే పెద్ద శత్రువు.

ఎలక్ట్రోడ్, బఫర్లు, మన ఎండలు

ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. అలా చేస్తే లోపలి లవణం బయటికి పోయి, రీడింగ్ స్థిరపడ్డానికి గంటలు పడుతుంది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లోనే ఉంచండి. వాడే ముందు పక్కనున్న చిన్న రంధ్రం మూత తీయండి. లోపలి ద్రావణం మట్టం బీకర్‌లోని ద్రావణం కంటే పైన ఉండాలి. కడిగాక టిష్యూతో రుద్దకూడదు, అద్ది తడి తీయాలి. రుద్దితే గాజు మీద స్థిర విద్యుత్తు చేరి అంకెలు ఎగిరెగిరి పడతాయి.

ఇప్పుడు వేడి సంగతి. పుస్తకాల్లోని విలువలన్నీ 25 డిగ్రీలవి. ఏప్రిల్‌లో తిరుపతిలో ఏసీ లేని ల్యాబ్‌లో 35 డిగ్రీలు మామూలే. ఆ వేడి మూడు చోట్ల మూడు రకాలుగా పనిచేస్తుంది.

ఎలక్ట్రోడ్ ఒక పీహెచ్ యూనిట్‌కు ఇచ్చే వోల్టేజి 25 డిగ్రీల దగ్గర 59.2 మిల్లీవోల్టులు, 35 దగ్గర 61.1. దీన్ని మీటర్ మీద ఉష్ణోగ్రత నాబ్ గానీ, ఆటోమేటిక్ సవరణ గానీ చూసుకుంటుంది. బఫర్ల అసలు పీహెచ్ కూడా మారుతుంది. థాలేట్ బఫర్ (మన 4.00) 35 డిగ్రీల దగ్గర 4.02, ఫాస్ఫేట్ బఫర్ (మన 6.86) 6.84, బోరాక్స్ బఫర్ 9.18 నుంచి 9.10కి దిగుతుంది. పాత మీటర్లలో ఈ విలువలను మనమే సెట్ చేయాలి. ఇక ఆమ్లం పీకేఏ. ఎసిటిక్ ఆమ్లం ఇక్కడ మహా బుద్ధిమంతురాలు. 25 డిగ్రీల దగ్గర 4.756 ఉంటే 35 దగ్గర 4.762. అమ్మోనియం అయాన్ అలా కాదు, డిగ్రీకి 0.03 చొప్పున పడిపోతుంది.

ఒక అపోహ ఉంది. ఆటోమేటిక్ ఉష్ణోగ్రత సవరణ ఉంటే మీటర్ చూపించేది 25 డిగ్రీల పీహెచ్ అనుకుంటారు. కాదు. అది ఎలక్ట్రోడ్ వాలును మాత్రమే సరిచేస్తుంది. కనిపించే అంకె ఆ క్షణంలో బీకర్‌లో ఉన్న ఉష్ణోగ్రతకు చెందినదే. కాబట్టి బఫర్లూ, ఆమ్లమూ, క్షారమూ అన్నీ ఒకే గదిలో అరగంట ఉంచి, ఉష్ణోగ్రత రాసుకున్నాకే మొదలుపెట్టండి. ఫ్యాన్ కింద, కిటికీ ఎండలో వద్దు.

కాలిబ్రేషన్ 4.00, 6.86 బఫర్లతో చేయండి. మన రీడింగులు ఆ రెంటి మధ్యే ఉంటాయి కాబట్టి 9.18 అవసరం లేదు. చేశాక మీటర్‌ను మిల్లీవోల్టుల్లోకి మార్చి రెండు బఫర్ల మధ్య తేడా చూడండి. 35 డిగ్రీల దగ్గర 172 మిల్లీవోల్టులు రావాలి. 164 కంటే తగ్గితే ఎలక్ట్రోడ్ అలసిపోయింది, ఆ రోజుకు ప్రయోగం ఆపి దాన్ని శుభ్రం చేయడమో మార్చడమో చేయండి.

టైట్రేషన్

ఒకటి. 500 మి.లీ. ఫ్లాస్క్‌లో 2.9 మి.లీ. గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం వేసి గీత దాకా నీళ్లు నింపండి. సుమారు 0.1 మోలార్. ఫ్యూమ్ హుడ్‌లో చేయండి, ఘాటు ముక్కు పగలగొడుతుంది.

రెండు. బీకర్‌లో దీన్ని 5 మి.లీ. పిపెట్ చేసి, 45 మి.లీ. మరగబెట్టి చల్లార్చిన నీళ్లు, 0.37 గ్రాముల పొటాషియం క్లోరైడ్ కలపండి. ఇప్పుడు ఆమ్లం 0.01 మోలార్, లవణం 0.1 మోలార్. ఈ లవణం ఎందుకో కాసేపట్లో చూద్దాం.

మూడు. ఎలక్ట్రోడ్‌ను స్టిర్రర్ కడ్డీకి తగలనంత ఎత్తులో ముంచండి. నెమ్మదిగా తిప్పండి, సుడి పడకూడదు. మొదటి రీడింగ్ 3.4 దగ్గర ఉండాలి. చాలా తేడా ఉంటే ఇక్కడే ఆగి కారణం వెతకండి.

నాలుగు. బ్యూరెట్ కొనను ద్రావణంలో ముంచి 0.5 మి.లీ. చొప్పున క్షారం వదలండి. ప్రతిసారీ అంకె అర నిమిషం పాటు కదలకుండా ఉన్నాకే రాయండి. 4.5 మి.లీ. దాటాక 0.1 చొప్పున వెళ్లండి. 5 మి.లీ. దగ్గర పీహెచ్ ఒక్కసారిగా ఎగురుతుంది. తుల్య బిందువు 8.2 ప్రాంతంలో ఉంటుంది. 6 మి.లీ. దాకా కొనసాగించి ఆపండి.

ఐదు. ఎలక్ట్రోడ్ కడిగి మళ్లీ 4.00 బఫర్‌లో ముంచండి. 0.02 కంటే ఎక్కువ జరిగి ఉంటే ఆ టైట్రేషన్ పక్కన పెట్టాల్సిందే. చాలామంది వదిలేసే మెట్టు ఇది.

మొత్తం కనీసం మూడుసార్లు చేయాలి.

సరళరేఖ

తుల్య బిందువు దగ్గర పడిన క్షారం ఘనపరిమాణాన్ని వీఈ అనీ, ఏదో ఒక క్షణానికి పడిన క్షారాన్ని వీ అనీ అందాం. పడిన క్షారానికి సమానంగా లవణం ఏర్పడుతుంది, మిగిలిన ఆమ్లం (వీఈ − వీ)కి అనులోమంగా ఉంటుంది. కేఏ సమీకరణంలో వీటిని పెడితే:

వీ × 10^(−పీహెచ్) = కేఏ × (వీఈ − వీ)

ఎడమవైపు అంతా మన దగ్గరున్న అంకెలే. దాన్ని నిలువు అక్షం మీద, వీను అడ్డ అక్షం మీద వేస్తే కిందికి దిగే సరళరేఖ వస్తుంది. ఒక నమూనా లెక్క చూద్దాం. వీ (మి.లీ.), పీహెచ్, వాటి నుంచి వచ్చే లబ్ధం వరసగా:

2.0 — 4.48 — 6.62 × 10⁻⁵
2.5 — 4.65 — 5.60 × 10⁻⁵
3.0 — 4.83 — 4.44 × 10⁻⁵
3.5 — 5.02 — 3.34 × 10⁻⁵
4.0 — 5.25 — 2.25 × 10⁻⁵
4.5 — 5.61 — 1.10 × 10⁻⁵

గ్రాఫ్ షీటు మీద స్కేలు పెట్టి గీసినా సరే, ఎక్సెల్‌లో స్లోప్, ఇంటర్‌సెప్ట్ ఫంక్షన్లు వాడినా సరే. కనిష్ఠ వర్గాల పద్ధతిలో ఈ ఆరు బిందువులకు వాలు −2.21 × 10⁻⁵ వస్తుంది. రేఖ అడ్డ అక్షాన్ని 5.01 మి.లీ. దగ్గర తాకుతుంది. అంటే కేఏ 2.21 × 10⁻⁵, పీకేఏ 4.65, తుల్య బిందువు 5.01 మి.లీ. పీహెచ్ ఎగిరే చోటు చూడకుండానే తుల్య బిందువు వచ్చేసింది. కలిపిన ఆమ్లం, స్టాండర్డైజ్ చేసిన క్షారం లెక్కతో ఇది కలిస్తే మీ ప్రయోగం ఆరోగ్యంగా ఉన్నట్టు.

2 మి.లీ. కంటే ముందున్న రీడింగులు ఎందుకు వదిలేశామని అడగాలి. మొదట్లో క్షారం వల్ల పుట్టిన లవణంతో పాటు ఆమ్లం తనంతట తాను విడిపోయి ఇచ్చే ఋణ అయాన్ కూడా లెక్కకు వచ్చేంత ఉంటుంది. మన సమీకరణం దాన్ని పట్టించుకోలేదు. అందుకే 1 మి.లీ. దగ్గరి బిందువు రేఖ కంటే కిందికి జారుతుంది. వీ సున్నా దగ్గరైతే లబ్ధమే సున్నా. పీకేఏ 4 కంటే తక్కువున్న ఫార్మిక్ ఆమ్లం లాంటివాటికి ఈ జారుడు ఇంకా ఎక్కువ. అప్పుడు ఎడమవైపు వీకి బదులు వీ + హెచ్ × (మొత్తం ఘనపరిమాణం) ÷ (క్షారం గాఢత) వాడాలి, కుడివైపు వీ దగ్గర కూడా అదే పెట్టాలి. ఇక్కడ క్షారం గాఢత తెలియడం అవసరమవుతుంది. తుల్య బిందువుకు మరీ దగ్గరగా ఉన్న రీడింగులూ వద్దు, అక్కడ మిగిలిన ఆమ్లం చాలా కొంచెం, చిన్న తప్పు కూడా పెద్దదిగా కనిపిస్తుంది. మధ్యలో 40 నుంచి 90 శాతం దాకా ఉన్న భాగమే మనది.

బిందువులు రేఖ మీద కూర్చోకుండా వంపు తిరిగితే కాలిబ్రేషన్‌ను అనుమానించండి, లేదా ఆమ్లంలో ఇంకో ఆమ్లం కలిసిందేమో చూడండి. సగం తటస్థీకరణ పద్ధతిలో ఈ హెచ్చరిక దొరకదు. అక్కడ ఒక్క అంకె వస్తుంది, తప్పో ఒప్పో అది చెప్పదు.

4.65కీ 4.76కీ మధ్య ఉన్నది

పుస్తకంలోని 4.76 అనంతంగా పలుచనైన ద్రావణానికి, అంటే అయాన్లు ఒకదాన్నొకటి పట్టించుకోని ఆదర్శ స్థితికి చెందిన విలువ. బీకర్‌లో అయాన్లు ఒకదాని చుట్టూ ఒకటి గుమిగూడతాయి. దాంతో ఎసిటేట్ అయాన్ తన గాఢత కంటే తక్కువ ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఎంత తక్కువ అన్నదే క్రియాశీలత గుణకం. 1923లో డిబై, హుకెల్ దీనికి సిద్ధాంతం ఇచ్చారు. మన అవసరానికి దాన్ని కొద్దిగా సవరించిన డేవీస్ సమీకరణం చాలు. ఒక ఆవేశం ఉన్న అయాన్‌కు, 25 డిగ్రీల దగ్గర:

−లాగ్ గుణకం = 0.509 × [√ఐ ÷ (1 + √ఐ) − 0.3 × ఐ]

ఐ అంటే అయానిక బలం. మన బీకర్‌లో అది 0.1. √ఐ = 0.316. బ్రాకెట్‌లో 0.240 − 0.030 = 0.210. గుణిస్తే 0.107. మనం కొలిచిన 4.65కు ఇది కలపండి: 4.76. మొదట్లో చెప్పిన ద్రావణంలో పొటాషియం క్లోరైడ్ లేదు, అయానిక బలం ఇంతకంటే తక్కువ, అందుకే అక్కడ తేడా 0.08 మాత్రమే.

పొటాషియం క్లోరైడ్ వేసింది ఇందుకే. అది లేకపోతే క్షారం పడేకొద్దీ సోడియం ఎసిటేట్ పెరిగి అయానిక బలం, దానితో పాటు గుణకం ప్రతి బిందువు దగ్గరా మారిపోయేవి, రేఖ కొద్దిగా వంగేది. 0.1 మోలార్ లవణం ముందే ఉంటే సగం దూరంలో లెక్క కట్టినా ఐ సరిగ్గా 0.1 దగ్గరే ఉంటుంది. ఒక్క సవరణతో సరిపోతుంది.

ఈ సవరణ మీద నమ్మకం కుదరకపోతే మీ ల్యాబ్ అల్మారాలోనే సాక్ష్యం ఉంది. 6.86 ఫాస్ఫేట్ బఫర్‌లో రెండు ఫాస్ఫేట్ లవణాలూ సమానంగా, ఒక్కొక్కటి కిలో నీటికి 0.025 మోల్ చొప్పున ఉంటాయి. సగం తటస్థీకరణ సూత్రం ప్రకారం దాని పీహెచ్ ఫాస్ఫారిక్ ఆమ్లం రెండో పీకేఏకు సమానం కావాలి. అది 7.20. బఫర్ 6.86. అక్కడ రెండు ఆవేశాలున్న అయాన్ ఉంది, సవరణ మూడు రెట్లు: 0.32. 7.20 లోంచి తీసేయండి, 6.88 వస్తుంది.

బెంజోయిక్ ఆమ్లం, మామిడి పల్ప్

బెంజోయిక్ ఆమ్లం నీటిలో సరిగా కరగదు, 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 3.4 గ్రాములే. మనకు కావలసింది 0.01 మోలార్, అంటే లీటరుకు 1.22 గ్రాములు. గోరువెచ్చని నీటిలో కలుపుతూ ఉంటే కరుగుతుంది, చల్లారాక కూడా బయటికి రాదు. అదే సీసా నుంచి 50 మి.లీ. తీసి లవణం కలిపి పై మెట్లన్నీ అలాగే చేయండి. కొలిచిన విలువ 4.09 దగ్గర, సవరించాక 4.20 దగ్గర రావాలి. విలువ 4కు దగ్గరగా ఉంది కాబట్టి ఇందాక చెప్పిన హెచ్ సవరణ ఇక్కడ తప్పకుండా చేయండి.

ఈ 4.20 మన జిల్లాలో పొట్ట పోసే అంకె. పళ్ల ఉత్పత్తుల్లో, పచ్చళ్లలో నిల్వకు వేసే సోడియం బెంజోయేట్ బూజునూ ఈస్ట్‌నూ ఆపేది విడిపోని ఆమ్ల రూపంలోనే. ఆవేశం ఉన్న బెంజోయేట్ అయాన్ సూక్ష్మజీవి పొరను సులువుగా దాటలేదు. పదార్థం పీహెచ్ 4.2 అయితే వేసినదాంట్లో సగమే పనిచేసే రూపంలో ఉంటుంది. 3.8 అయితే 72 శాతం. 4.6 అయితే 28 శాతానికి పడిపోతుంది. తోతాపురి పల్ప్ పీహెచ్ 4కు అటూ ఇటూ ఆడుతుంది కాబట్టి, సిట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్‌ను కొంచెం దించడానికీ, బెంజోయేట్ పనితనానికీ నేరుగా సంబంధం ఉంది. సీజన్‌లో పీహెచ్ మీటర్ ముందు కూర్చునే కుర్రాడికి ఈ లెక్క తెలిస్తే అతను రాసే అంకెకు అర్థం వస్తుంది.

పల్ప్‌నే నేరుగా గ్రాన్ గ్రాఫ్‌లో వేస్తే? కుదరదు. అందులో ముఖ్యంగా ఉండేది సిట్రిక్ ఆమ్లం, దానికి మూడు మెట్లు: 3.13, 4.76, 6.40. ఒక మెట్టు పూర్తి కాకముందే తర్వాతి మెట్టు మొదలవుతుంది. టైట్రేషన్ వక్రంలో పీహెచ్ మూడు చోట్ల కాదు, చివర్లో ఒక్కచోటే ఎగురుతుంది. ఫ్యాక్టరీలో పీహెచ్ 8.1 దాకా టైట్రేట్ చేసి మొత్తం పులుపును సిట్రిక్ ఆమ్లంగా లెక్కగట్టేది అందుకే. అది ఆమ్లం ఎంతుందో చెబుతుంది, స్థిరాంకాలు చెప్పదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లానిదీ ఇదే కథ, రెండు మెట్లు 3.0, 4.4 దగ్గర ఒకదానిపై ఒకటి పడతాయి. వీటికి వక్రం మొత్తాన్ని కంప్యూటర్‌లో ఒకేసారి సరిపోల్చి స్థిరాంకాలన్నీ రాబట్టాలి. ఎక్సెల్ సాల్వర్‌తో చేయవచ్చు, కానీ శుద్ధమైన సిట్రిక్ ఆమ్లంతో మొదలుపెట్టండి, పల్ప్‌తో కాదు.

రికార్డులో రాయాల్సింది

ఉత్త "పీకేఏ = 4.76" అని రాస్తే అది కొలత కాదు. "కొలిచిన పీకేఏ 4.65, 34 డిగ్రీలు, 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్. డేవీస్ సవరణతో 4.76" అని రాయండి. మూడు టైట్రేషన్ల విలువలూ విడివిడిగా ఇచ్చి, వాటి మధ్య తేడాను అనిశ్చితిగా చూపండి. బఫర్ల ముందూ తర్వాతి రీడింగులు, మిల్లీవోల్టుల తేడా కూడా రాయండి. మామూలు కాలేజీ పరికరాలతో 0.02 నుంచి 0.03 లోపు కలిస్తే చాలా మంచి పని. మూడో దశాంశం రాయకండి, మీటర్‌కే అది తెలియదు.

పీకేఏ 3 కంటే తక్కువున్న ఆమ్లాలకు, 10 దాటినవాటికి ఈ దారి వదిలేయండి. మొదటి రకంలో ఆమ్లం పావు వంతుకు పైనే ముందే విడిపోయి ఉంటుంది, రెండో రకంలో మనం వేసిన క్షారానికీ, ఆమ్లం పట్టుకున్న క్షారానికీ తేడా తెలియదు. ఫినాల్ లాంటివాటికి అతినీలలోహిత శోషణ కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ దగ్గరికి వెళ్లడమే మేలు. అక్కడ కూడా పీహెచ్ మీటర్ కావాలి, బఫర్ల పీహెచ్ చూడ్డానికి మాత్రమే.